తీతువు వంటిల్లు

మీరు నమ్మరు గానీ, ఆ అడవి పార్కులో కుందేళ్లకు వల మీదుగా బంతి కొట్టుకునే పికిల్‌బాల్ ఆట పిచ్చి ఎంతగా పట్టిందంటే, బంతి చప్పుడుకి చందమామలో ఉన్న కుందేలు కూడా చెవులు మూసుకుంది. ఉన్న కోర్టులు చాలక, కొత్తది గీయడానికి తీతువు పిట్ట ఉండే మైదానం మీద పడ్డాయి.

తీతువు పరుగున వచ్చి అడ్డం నిలబడింది. సరిగ్గా వల కట్టే చోటే, గులకరాళ్ల మధ్య దాని గుడ్లున్నాయి. ఆ మాట పైకి అందామంటే, అంపైరేమో గుడ్లు కనిపిస్తే మింగేసే ముంగిస!

"ఆగండర్రా! వలకి ఈ పక్కా ఆ పక్కా నా వంటిల్లు. మడి కట్టుకుని ఉన్నాను. ఎవరైనా కాలు పెట్టారో, ఊరుకోను!" అని అరిచింది.

మడి అనేసరికి కుందేళ్లు తాటిచెట్టంత ఎత్తు ఎగిరి వెనక్కి పడ్డాయి. బామ్మ చేత తిట్లు తినని కుందేలు ఉంటుందా?

"మరి ఎక్కణ్ణుంచి ఆడాలి పిన్నిగారూ?"

"దూరంగా నిలబడి కొట్టుకోండి నాయనా."

ముంగిస పెద్దరికంగా లేచి, తనే సున్నంతో గీత గీసి, "వంటింట్లో అడుగు పెడితే పాయింటు పోయినట్టే!" అని చాటింది.

తీతువు పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయి వెయ్యేళ్లయింది. పికిల్‌బాల్‌లో వల పక్క చోటుని ఇప్పటికీ వంటిల్లనే అంటారు, కుందేళ్లు ఇప్పటికీ ఆ గీత దగ్గర మునివేళ్ల మీద ఆగిపోతాయి. ఎందుకని ఎవరైనా అడిగితే, ముంగిస మీసం దువ్వుకుంటుంది.

"ఆ రూలు పెట్టింది నేనే."