ఏమీ తీసుకోలేదు

"డబ్బు కట్టకు నాయినా. ముందు కాయితం అడుగు."

బిల్లు కౌంటరు దగ్గర నిలబడ్డ లక్ష్ముడు వెనక్కి తిరిగి చూశాడు.

ఎవరో ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి. వెలిసిపోయిన నేత చీర, చంకలో కాయితాల సంచి.

భార్య దాలమ్మని ఆస్పత్రిలో చేర్చిన దగ్గర్నుంచీ ఆమెను చూస్తూనే ఉన్నాడు. పొద్దున్నే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంటుంది. వచ్చినవాళ్లందర్నీ మీది ఏ ఊరు, ఏం జబ్బు, ఎంత కట్టమన్నారు అని ఆరా తీస్తుంది.

శ్రీకాకుళంలో ప్రైవేటు ఆస్పత్రుల చుట్టూ బ్రోకర్లుంటారని ఊళ్లో ముందే చెప్పి పంపారు.

"నీకెందుకమ్మా?" అన్నాడు విసుగ్గా.

"ఆరోగ్యశ్రీ కార్డు మీద సేసిన ఆపరేషనుకి రూపాయి తీసుకోకూడదు. దేనికి కట్టమంటన్నారో రాసిమ్మను. రాసివ్వరు, సూడు."

"కార్డు మామూలు రాడ్డుకేనంట. మా దానికి ఫారిన్ రాడ్డు ఏసారంట."

"ఏసే ముందు నిన్నడిగారా?"

అడగలేదు. కళ్లంలో జారిపడి దాలమ్మ తొడ ఎముక విరిగింది. కార్డుంది కదా, పైసా ఖర్చుండదని చెప్పే చేర్చుకున్నారు. రాడ్డు లోపలికి వెళ్లి, కుట్లు వేసేశాక ముప్పై రెండు వేలన్నారు. వేసిన రాడ్డు తీసి ఇచ్చెయ్యమనలేడు కదా!

ఇంట్లో పాడిగేదె ఒక్కటే ఉంది. కోటబొమ్మాళి వెళ్లి రెండు రోజులు తిరిగి, దాన్ని పశువుల బేరగాడు ధనరాజ్‌కి అప్పగించి డబ్బు తెచ్చాడు లక్ష్ముడు. ఆదివారం లోపు డబ్బు తిరిగిస్తే గేదె ఇంటికొస్తుంది. లేకపోతే సంతకి పోతుంది.

ఇదంతా దారిన పోయే మనిషికి చెప్పుకోవడమెందుకు? డబ్బు కట్టేశాడు.

రశీదు అడిగితే కౌంటరులో అమ్మాయి తలెత్తలేదు.

"ఫారిన్ వాటికి రశీదుండదండీ."

ఆ మధ్యాహ్నమే ఆరోగ్యశ్రీ కార్డుల ఆఫీసు నుంచి తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయన కంటే ముందే ఆస్పత్రి మేనేజరు చంద్రమౌళి వచ్చి లక్ష్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడు లక్ష్ముడూ, కుట్లు విప్పించుకోడానికి మళ్లీ మా దగ్గరికే రావాలి. ఆలోచించి మాట్లాడు."

అసలు ఆ మాత్రం బెదిరింపు కూడా దండగే. పొద్దున్నే డాక్టరుకి కిలో జీడిపప్పు ఇచ్చి, కాళ్లకి దండం పెట్టి వచ్చినవాడు లక్ష్ముడు. విరిగిన కాలు నిలబెట్టిన మనిషి మీద ఫిర్యాదేమిటి? మా వైపు మనుషులకి ఇదో జబ్బు. మేలు చేసినవాడు జేబు కత్తిరించినా, ఆ మాట పైకి అనడం తప్పనుకుంటాం.

"మీ దగ్గర డబ్బేమైనా తీసుకున్నారా? భయపడకండి. తీసుకుంటే తిరిగిప్పిస్తాం" అన్నాడు ఆఫీసరు.

లక్ష్ముడికి గేదె గుర్తొచ్చింది. నోరు తెరవబోయాడు. ఎదురుగా చంద్రమౌళి. అతని వెనక గదిలో డాక్టరు బాబు.

బల్ల మీది మనిషి లేచి వచ్చింది.

"సెప్పు నాయినా. ఒక్క మాట సెప్పు, సాలు."

"ఏటీ తీసుకోలేదు బాబూ" అన్నాడు లక్ష్ముడు.

"మరి మొన్న ఈవిడ ఫోన్ చేసి, మిమ్మల్ని ముప్పై రెండు వేలు కట్టమంటున్నారని చెప్పిందే? పేషెంటు తాలూకా మనిషినంది."

"ఎవులో నాకు తెల్దు బాబూ. బ్రోకరనుకుంటాను."

ఆఫీసరు కాయితం ముందుకు జరిపాడు. డబ్బు తీసుకోలేదని లక్ష్ముడు సంతకం పెట్టాడు.

వాచ్‌మన్ ఆమెను గేటు దాకా తీసుకెళ్లాడు. ఆమె తిట్టలేదు, పెనుగులాడలేదు. బాగా అలిసిపోయినట్టుంది. లక్ష్ముడి పక్క నుంచి వెళ్తూ ఒక్క మాటంది.

"ఆవిడ కాలు మీద బరువు మోపనీకు నాయినా."

సాయంత్రం ఆటోలో ఊరికి బయల్దేరారు. వెనక సీట్లో కాలు చాపుకుని కూర్చుంది దాలమ్మ. ముందు డ్రైవరు పక్కన లక్ష్ముడు.

"మావా, కన్యాకుమారప్ప కనపడలేదేటి? ఎల్లొస్తానని కూడా సెప్పలేదు నాను."

"ఆవిడెవులు?"

"వరండాలో సంచీ ఎట్టుకుని కూకుంటాది సూడు, ఆవిడే. అక్కలాటిది, అప్పా అని పిలుస్తన్నాను. నువ్వు డబ్బుకోసమెల్లిన రెండ్రోజులూ నన్ను సూసింది ఎవులనుకున్నావు? గెంజి తాపింది, జడేసింది, బట్టలు మార్సింది. ఎంత కట్టమన్నారో నానే సెప్పినాను."

"డబ్బేటైనా అడిగిందా?"

"అడుగుతాదేటి! ఇడ్లీలకి కూడా తనే ఇచ్చీసింది."

లక్ష్ముడికి సిగ్గేసింది. ఆటో వెనక్కి తిప్పమందామనుకున్నాడు. తిప్పితే మాత్రం, పెట్టిన సంతకం చెరుగుతుందా?

"మరి రోజూ అక్కడేటి పని ఆవిడకి?"

"మొగుడు పోయినేడు అక్కడే పోయాడంట మావా. కార్డు ఉండగానే లచ్చ రూపాయలు లాగీసినారంట. ఉన్న పొలం అమ్మి కట్టీసిందంట."

"అప్పుడు ఆపీసరుకి సెప్పుకోలేదా?"

కాలు నొప్పి కాబోలు, దాలమ్మ కొంచెం సర్దుకుని కూర్చుంది.

"ఆపీసరే వొచ్చి అడిగినాడంట మావా, ఏటీ తీసుకోలేదని ఆ అప్పే సెప్పిందంట."