మొక్క తినని ఎరువు

"ఏమండీ! ఎవరు మీరు? ముందు బయటికి రండి!"

రామమోహన్ కంగారులో తెలుగులోనే పెట్టిన కేక విని మొక్కజొన్న మడిలోంచి ఒక పెద్దాయన లేచాడు. చేతిలో ఎండాకులు.

నెబ్రాస్కాలో అది 1984 ఆగస్టు. చుట్టూ ఇనప రేకులు పాతిన పన్నెండు చిన్న మడులు. రామమోహన్ పిహెచ్‌డీ, వీసా వాటిమీదే ఆధారపడి ఉన్నాయి. రోజూ స్వామికి దండం పెట్టుకునిగాని మడిలో దిగడు.

"తెలుగువాడివే! నా పేరు రత్నరాజు బాబూ. ఎదురిల్లే, మా అమ్మాయి దగ్గరుంటున్నా. ఈ రేకులెందుకు?"

"ఎరువు పక్కకి పోకుండా. ఇందులోది గుర్తు పెట్టిన నత్రజని, ఐసోటోప్ అంటారు. మొక్క ఎంత తిందో ల్యాబ్‌లో మిషన్ చెబుతుంది."

"తినంది?"

"కొంత మట్టిలో ఉంటుంది. కొంత గాల్లోకి, కొంత నీళ్ళతో కిందికి పోతుంది."

"కిందికంటే... నూతుల్లోకా?"

"అబ్బ! మీకెందుకండీ అవన్నీ?"

ఆయన రోజూ వచ్చాడు. అదే ప్రశ్న, చేతిలో అవే ఆకులు.

కోతకి వారం ముందు రామమోహన్ ఫార్మ్ మేనేజర్‌తో చెప్పి ఆయన్ని గెంటించేశాడు. ఆయన ఆకులు జేబులో పెట్టుకుని రోడ్డు దాటాడు.

ఫిబ్రవరి వచ్చినా లెక్క తేలలేదు. వేసిన నత్రజనిలో కొంత ఎక్కడా దొరకలేదు.

"కోతకి ముందు రాలిన ఆకులేవి?" అన్నాడు ప్రొఫెసర్.

అవి ఏరాలన్న సంగతే రామమోహన్ మరిచాడు. రోజూ ఆకులు పట్టుకెళ్ళిన పెద్దాయన గుర్తొచ్చాడు.

మంచులో ఎదురింటికి పరిగెత్తాడు. ఆయన కూతురు ప్రేమజ్యోతి తలుపు తీసింది.

"నాన్న క్రిస్మస్‌కి ముందే పోయారండీ. మీరొస్తారు, ఈ పెట్టె ఇమ్మన్నారు."

అట్టపెట్టె నిండా కాగితం సంచులు. ప్రతిదానిమీదా మడి నెంబరు, తేదీ. గెంటించిన రోజుదాకా ఒక్కరోజు తప్పలేదు.

దండం పెట్టి అడిగిన సాయం ఎదురుగా వచ్చి నిలబడితే, తను చేసిందేమిటి?

"ఆయనకెందుకండీ ఇంత శ్రమ?"

ఆమె గోడమీది ఫోటో వైపు చూసింది. నెలల పాప.

"నా కూతురు. ఒళ్ళంతా నీలం తిరిగి పోయింది. మా నూతి నీళ్ళలో ఎరువు చేరిందట. మరిగిస్తే పోదట, ఇంకా చిక్కబడుతుందట."



"పాపకి మంచిదని, రోజూ ఆ నీళ్ళు బాగా మరగకాచి పాలపొడి కలిపింది నాన్నేనండీ."