జాబితాలో లేనిది

తిరుపతి వీధుల్లో చిరుతలు కుక్కల్లా తిరగడం మొదలయ్యాక, ఇల్లు అమ్మేవాళ్లు ఆ ఇంటికొచ్చిన జంతువుల జాబితా చూపించాలని చట్టం వచ్చింది. గోడకు బిగించిన కెమెరా ఆ జాబితాను తనే రాస్తుంది. అందులో గడిచిన ఏడాది సంగతులే ఉంటాయి.

విమల ఇంటి జాబితాలో రెండు పాములు, ఒక ఎలుగుబంటి, ఎనిమిదిసార్లు చిరుత ఉన్నాయి. కొనడానికి వచ్చిన మునిశేఖర్, యామిని దాన్ని మామూలుగా చదివి సంతకానికి సిద్ధపడ్డారు. ఇంతలో వాళ్ల నాలుగేళ్ల పాప పెరటి తలుపు గడియ లాగింది.

విమల పరుగున వెళ్లి పాపను ఎత్తుకుంది. గడియ మళ్లీ బిగించింది.

"జాబితాలో లేనిదొకటి ఉండాదమ్మా," అంది. "మూడేళ్లయింది. నా కూతురు సింధు ఈ తలుపు తీసుకొనే బయటికి పోయింది. నేను వంటింట్లో ఉండాను. చిరుత ఎత్తుకుపోయింది. చెప్పకపోయినా చట్టం నన్నేమీ అనదు. చెప్పకుండా ఉండలేకపోతా ఉండాను."

యామిని జాబితా మడిచి పక్కన పెట్టింది. వాళ్లు వెళ్లిపోతారనే విమల అనుకుంది.

"ఇప్పటికి పద్నాలుగిళ్లు చూసినాం అక్కా," అన్నాడు మునిశేఖర్. "అన్నిట్లోనూ దండేసిన ఫోటో ఒకటి ఉండాది. అడిగితే జ్వరమొచ్చి పోయినారని చెప్పినారు. నిజం చెప్పింది మీరొక్కరే."

యామిని పాపను తన చేతుల్లోకి తీసుకుంది. "ఆ తలుపు తీసేసి గోడ కట్టిస్తాం. బిడ్డను ఏ గదిలో పడుకోబెడితే భయముండదో చూపించండక్కా."

విమల గదులన్నీ తిరిగింది. ఒక్కటీ చూపించలేకపోయింది.