నడుం తాడు

గోడౌను రేకుల మీద సోలార్ ప్యానెళ్లు బిగించేటప్పుడు మామయ్య వెనకనుంచి నా నడుం తాడు రెండుసార్లు లాగి చూసేవారు.

"ఆ, ఇక పో అల్లుడూ! మా అమ్మాయి సొత్తువి, నేను జవాబు చెప్పుకోవాలి" అనేవారు.

ఇప్పుడు కాలు విరిగి ఇంట్లో మంచం మీదున్నారు.

తెల్లారేసరికి పని అప్పజెప్పాలని ఈ రాత్రి ఒక్కణ్ణే ఎక్కాను. అంచువైపు కదలగానే ఎవరో తాడు రెండుసార్లు లాగారు. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. భయం వేయాల్సింది, నవ్వొచ్చింది. అడుగు వేయబోయాను. తాడు బిగుసుకుపోయింది.

జేబులో ఫోను మోగింది. మా ఆవిడ.

"నాన్న నిద్రలో దుప్పటి పట్టుకుని ఒకటే లాగుతున్నాడండీ. ఎంత విడిపించినా వదలట్లేదు."

టార్చి కిందికి తిప్పాను. ఎత్తిన పాదం కింద రేకు లేదు.

"విడిపించకే" అన్నాను. "పట్టుకోనీ."