పోటీ ఎవరితో

“మీరూ పోటీ వద్దంటారా?” పరిశోధకురాలు విసుగ్గా పెన్ను బల్ల మీద పడేసింది.

ఆడవాళ్ళు పోటీకి ఎందుకు వెనకాడతారో తేల్చడానికి ఆమె నెల రోజులుగా ఈ గదిలో కూడికలు చేయిస్తోంది. చేసిన లెక్కకింత అని కూలి తీసుకోవచ్చు. లేదా పక్క గదిలో మనిషితో పోటీపడి, గెలిస్తే మూడింతలు పట్టుకుపోవచ్చు. ఓడితే సున్నా. ఒక్కరూ పోటీ అనడం లేదు.

“ఇందాక అందరికంటే ఎక్కువ లెక్కలు చేసింది మీరే కదండీ. ఎందుకంత భయం?”

“భయమేంటమ్మా!” బట్టలు కుట్టే ఆ ఇల్లాలు గొంతు తగ్గించింది. “పక్క గదిలో కూర్చోబెట్టింది మా తోడికోడల్ని. ఆవిణ్ణి ఓడించి ఏ మొహంతో ఇంటికెళ్ళను?”

“కోపమొస్తుందా ఆవిడకి?”

“కోపమైతే ఓ పూటలో పోతుంది. మెచ్చుకుంటుంది! వచ్చేపోయే వాళ్ళందరి ముందూ ఏడాదంతా మెచ్చుకుంటుంది.”

పరిశోధకురాలికి నవ్వు రాలేదు. పని తొందరగా అవుతుందని ఒకే ఇంటివాళ్ళని, ఒకే వీధివాళ్ళని జంటలుగా పిలిపించింది తనే. ఇన్నాళ్ళూ భయమని రాసుకున్నదాంట్లో భయమెంతో, మొహమాటమెంతో ఇప్పుడెలా తేలుతుంది?

“పోనీ, ముక్కూమొహం తెలియని మనిషైతే?”

ఆ ఇల్లాలు కుర్చీ ముందుకు లాక్కుంది.

“ఎవరావిడ? రమ్మనండి.”