ఇంకో మనిషి

“పిల్లల్లో సగం మందిని ఇస్త్రీ కొట్లోకి తోలెయ్ ఆయమ్మా! ఆఫీసరుగారి కారు మలుపు తిరిగిందట!”

సూపర్‌వైజరు చెప్పులు కూడా విప్పకుండా లోపలికి దూసుకొచ్చింది. ఆయమ్మ చంకలో ఒకడు, వీపున ఒకతె, కాలిని చుట్టుకుని ఇంకొకడు. కదలాలన్నా కదిలేలా లేదు.

“ఈసారి తోలను మేడమ్.”

“ఏంటీ?”

“పోయినసారి దాస్తే ఏమైందో మర్చిపోయారా? నా మనవరాలు కాలే ఇస్త్రీపెట్టె మీద చెయ్యి పెట్టింది. ఇప్పటికీ పిడికిలి ముడవలేదది.”

అది సర్కారువారి శిశు సంరక్షణ గది. తెరిచినప్పుడు పాతికమంది పిల్లలకీ, ఒక ఆయాకీ డబ్బు మంజూరు చేశారు. అప్పుడు ఆ వీధిలో ముళ్ళకంపలే ఎక్కువ. ఇప్పుడు అటూ ఇటూ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు, వాటి వెనక రేకుల గదులు, గదికో ఉయ్యాల. పిల్లలు పెరిగారు. గది పెరగలేదు, ఆయమ్మ చేతులూ పెరగలేదు. సర్కారు లెక్కలో మాత్రం అదే పాతిక. ఆ లెక్కన ఈ వీధి ఆడవాళ్ళకి కాన్పులు ఎప్పుడో ఆగిపోయినట్టే.

పాతిక దాటినవాళ్ళంతా లెక్కలో లేని పిల్లలు. కాదంటే తల్లులు వాళ్ళని రేకుల గదిలో పెట్టి తాళం వేసుకుపోవాలి. ఆయమ్మ కూతురూ అక్కడే మిషను కుడుతుంది. అందుకే ఆయమ్మ ఎవర్నీ కాదనలేదు. తనిఖీ వచ్చినప్పుడల్లా లెక్కలో లేనివాళ్ళని పక్కన ఇస్త్రీ కొట్లో కుక్కేవారు. ఆఫీసర్లు వచ్చి, పొందిగ్గా ఉన్న గదిని చూసి, సరిపోతోందని రాసుకుని వెళ్ళేవారు.

“ఎక్కువ కనబడితే నా మెడకి చుట్టుకుంటుంది,” అంది సూపర్‌వైజరు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

“కనబడకపోతే ఇంకో మనిషినెవరిస్తారు మేడమ్? పుండు దాచుకుని మందు లేదని ఏడిస్తే ఎలా?”

ఇస్త్రీ అతను గుమ్మంలోంచి తల పెట్టాడు. “అక్కా, సరుకు వస్తోందా? బొగ్గులు చల్లార్పనా?”

“రావట్లేదు తమ్ముడూ. నీ కొట్టు నీదే.”

అంతలో ఆఫీసరు రానే వచ్చాడు. అడుగు పెట్టడానికి చోటు లేక గుమ్మంలోనే ఆగాడు. ఆగిన బూటు మీద ఒక బుడ్డోడు దర్జాగా కూర్చున్నాడు.

“ఇంతమందా?” అన్నాడు ఆఫీసరు.

“రోజూ ఇంతే సార్. ఇన్నాళ్ళూ దాచాం,” అంది ఆయమ్మ.

తిడతాడనుకుంది. తిట్టలేదు. జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు.

“ఒక్క మనిషివి ఎలా చూస్తావమ్మా? రేపు ఏదైనా జరగరానిది జరిగితే?”

“అదే సార్ నా భయం కూడా.” మనవరాలి అరచెయ్యి తిప్పి చూపించింది.

ఆఫీసరు వంగి చాలాసేపు చూశాడు. “ఇది మన గదిలో కాలలేదుగా?”

“పక్క కొట్లో సార్.”

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. పిల్ల మీద జాలి అనుకుంది ఆయమ్మ. ఎంతైనా బిడ్డలున్నవాడు!

“ఇలా వదిలెయ్యడం తప్పు. ఈ నెలలోనే ఇంకో మనిషిని పంపిస్తా. ఒంట్లో సత్తువున్న మనిషి కావాలిక్కడికి.”

“నిజమే సార్. నా మోకాళ్ళు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి.”

“ఇక ఈ రద్దీ ఉండదు. నాదీ హామీ.”

కారు కదలగానే సూపర్‌వైజరు ఆయమ్మ చేతులు పట్టుకుంది. “నీ నోట్లో చక్కెర పొయ్యా! ఈ తెలివి నాకెందుకు తట్టలేదే?”

“తెలివి కాదు మేడమ్, విసుగు.”

సాయంత్రం ఫ్యాక్టరీ వదలగానే తల్లులందరికీ సంగతి చెప్పింది. కొత్తగా పనిలో చేరిన ఒకమ్మాయి వెనకే నిలబడి, పిల్లాణ్ణి తాళం వేసిన గదిలోనే వదులుతున్నానని మెల్లగా గొణిగింది.

“రేపట్నుంచి ఇక్కడికే తీసుకురా తల్లీ. ఇంకో జత చేతులు వస్తున్నాయి,” అంది ఆయమ్మ.

నెల తిరక్కుండానే ఆ చేతులొచ్చాయి. ఫ్యాక్టరీ కూతకి ముందు, తల్లులంతా పిల్లల్ని దింపే హడావిడిలో ఉండగా, పిల్లల గది గేటు దగ్గర సైకిలు దిగాడు. తాడిలాంటి మనిషి. భుజానికొకరు చొప్పున ఇద్దర్ని ఎత్తుకున్నా అలసిపోడు. ఆఫీసరు మాట నిలబెట్టుకున్నాడని ఆయమ్మ కళ్ళు చెమర్చాయి.

“రా నాయనా, నూరేళ్ళాయుష్షు నీకు! సరిగ్గా వేళకొచ్చావు. లోపల ఒకడు గుక్కపట్టాడు, కాస్త దీన్నందుకో,” అంటూ మనవరాల్ని అందించబోయింది.

అతను చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. “ఈ పాప లెక్కలో ఉన్న పిల్లేనా?”

“లెక్కలో లేదు గానీ, బంగారుతల్లి. ఏడవను కూడా ఏడవదు.”

అతను పిల్ల కాలిన చేతికేసి ఒకసారి చూసి, తల తిప్పుకుని, గేటు సగం మూశాడు.

“లెక్కలో లేనివాళ్ళని ఆపడానికే నన్ను పంపారమ్మా.”