లొల్లి లేని ఊరు

ఫోన్‌లో సిగ్నల్ రెండు గీతలు చూపించగానే పావని తాతను బండ మీద కూర్చోబెట్టింది. ఇస్త్రీ పంచె, జేబులో పెన్ను. బక్కయ్య ఎర్రగట్టుపాడు సర్పంచి. ఎప్పటి సర్పంచో! ఆయన తర్వాత ఇంకెవరూ కాలేదు కాబట్టి పిలుపు అలాగే ఉండిపోయింది.

వీడియో కాల్‌లో అవతల ఫ్రాన్స్. వెర్దన్ అని, మన రెవెన్యూ డివిజన్ లాంటిది. అందులో చిన్నదో పెద్దదో, ప్రతి ఊరికీ ఒక మేయరు. అలాంటి ఒక మేయరమ్మ తన ఊరితో స్నేహం కలిపేందుకు ఇక్కడ ఒక జోడీ ఊరు కావాలని సర్కారుకు రాసింది. అచ్చంపేట వైపు ఊళ్లవాళ్లు డ్రోన్ వీడియోలు పంపారు. బక్కయ్య పంపింది ఒక్క ముక్క. "మా ఊర్లె లొల్లి లేదు."

జోడీ కుదిరితే, రోడ్డు వెడల్పు చేసినప్పుడు తీసేసిన ఊరి బోర్డు మళ్లీ పెడతానని ఆఫీసరు రాఘవేందర్ మాటిచ్చాడు. కుదరదనే ధైర్యంతోనే ఇచ్చాడు. ఆ బోర్డు కోసం బక్కయ్య తిరగని ఆఫీసు లేదు.

పావనిది యాప్‌లో నేర్చుకున్న ఫ్రెంచి. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తోంది.

"మీ ఊళ్లో నీళ్లకు ఇబ్బందా?" అంది మేయరమ్మ.

"నీళ్లకేం తక్కువ లేదమ్మా."

జీపుకు ఆనుకుని నిలబడ్డ రాఘవేందర్‌కు దగ్గొచ్చింది.

"ఎన్నికల్లో పోటీ ఎక్కువేనా?"

"నా మీద ఎవ్వరు నిలవడరు. నీకో?"

"నాకూ ఎవరూ లేరు. పైవాళ్లే నన్ను నియమించారు."

"మంచిగైంది. ఓట్లడిగే పరేషాన్ లేదు. మా ఊర్లె చెత్త లేదు, దొంగతనం గూడ లేదు."

"తాతా, జర తగ్గు," పావని గొణిగింది.

"అబద్ధం చెప్పిన్నా బిడ్డా?"

మేయరమ్మ నవ్వింది. "ఒకసారి మీ ఊరు చూపిస్తారా?"

"గిప్పుడు చూపియ్ సర్పంచీ," అన్నాడు రాఘవేందర్, చేతులు కట్టుకుని.

బక్కయ్య లేచాడు. ఫోన్ తీసుకుని ఎదురుగా తిప్పాడు. కనుచూపు మేర కృష్ణ నీళ్లే.

"గదో, గా నడిమిట్ల మా బడి. దాని పక్కకే మా ఇల్లు. నలభై ఏండ్ల కింద డ్యామ్ కట్టిన్రు, మునిగింది."

పావని ఆ మాటలు మెల్లగా ఫ్రెంచిలో చెప్పింది. ఇక ఇది కుదరదన్నట్టు రాఘవేందర్ జీపు తాళాలు బయటికి తీశాడు.

మేయరమ్మ తన ఫోన్ అటు తిప్పి, నూరేళ్ల కిందటి యుద్ధంలో నేలమట్టమై ఇప్పటికీ ఒక్క ఇల్లు లేని, ఒక్క మనిషి లేని, అడవిగా మారిన చోట, చెట్ల మధ్య నిలబెట్టిన తన ఊరి బోర్డు చూపించింది.